పచ్చి ఒళ్లు

గోడకు అవతల కూలర్ గుర్రుమని తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ ఈ గదిలో ఉడకడం కంటే అసలు ఆ కూలరే లేకపోతే ఎంత బాగుండేది అనుకుంది శ్రావణి. చెవుల్లో దూది, దూది మీద తల చుట్టూ బిగించి కట్టిన బాపు పాత ధోవతి గుడ్డ, ఇన్ని అడ్డాలు దాటుకుని చప్పుడు వస్తుంది కానీ గాలి రాదు. గాలి కూడా చప్పుడులాగే గోడలోంచి దూరి వస్తే ఎవడి సొమ్మేం పోయింది? తడిసిన కూలర్ గడ్డి వాసన మాత్రం ఒక్కోసారి తలుపు కింది సందులోంచి సన్నగా వస్తుంది, వచ్చిందే చాలని పీల్చుకోబోయేలోగా కుంపట్లోని వాము పొగ దాన్ని మింగేస్తుంది. మెడ కింద చెమట, రొమ్ముల కింద చెమట, మోకాళ్ల వెనక చెమట, ఆఖరికి కనురెప్పల మీద కూడా చెమట. కంట్లోకి దిగి మండుతుంటే తుడుచుకుందామని చెయ్యెత్తితే ఆ చెయ్యే కారుతోంది. వీపు కింద బొంత తడిసి ముద్దయింది. వైశాఖ మాసం, సిరోంచ, మిట్టమధ్యాహ్నం, స్లాబు ఇల్లు, కిటికీకి గోనెసంచి కుక్కి, తలుపు వేసి, మంచం కింద కుంపటి పెట్టారు. అమ్మా తల్లీ, గుగ్గిళ్లు ఉడకబెట్టడానికి కూడా ఇంత ఏర్పాటు ఎవరూ చెయ్యరు.

పచ్చి ఒళ్లట. అమ్మ పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే మాట. "పచ్చి ఒళ్లు బిడ్డా. చెమట పోస్తేనే గట్టిపడుతది. గాలి సోకిందనుకో, సన్ని కొడుతది, ఇగ మంచం లేవవు." పచ్చి ఒళ్లయితే మాత్రం మామిడికాయలాగా మగ్గబెట్టాలా? గడ్డిలో పెట్టి, మూత వేసి? దాహం దాహం అని నాలుక పీక్కుపోతుంటే వాము వేసి కాచిన నీళ్లు, అవి కూడా గుక్కెడు. మజ్జిగ అడిగితే అమ్మ మొహం ఎట్లా పెట్టిందో! విషం అడిగినట్టు. "పాలల్ల చలువ దిగుతది, పిలగానికి పట్టుకుంటది" అంది. ఫోను కూడా తీసుకుని హాల్లో టీవీ మీద పెట్టేసింది, బాలింత వెలుతురు చూస్తే కళ్లు పోతాయని. లేకపోతే వినయ్‌కు ఒక్క మాట చెప్పి ఏడ్చి ఉండేది. ఏటపల్లి కలప డిపోలో ఆ మనిషికి సిగ్నల్ దొరికితే కదా, దొరికినా అత్తగారి ముందు నోరు పెగిలితే కదా. కూలర్ తెచ్చింది ఆయనే, శ్రావణికని చెప్పి బస్సు టాపు మీద కట్టించి, గుంతల రోడ్డంతా తల బయటికి పెట్టి అది పడిపోతుందేమోనని చూసుకుంటూ వచ్చాడట. అమ్మ ఎంతో సంబరపడింది. అల్లుడికి కోడిని కోసి పెట్టింది. ఆయన బస్సెక్కగానే కూలర్ మూతిని హాలు వైపు తిప్పి పెట్టింది. "మంచి పిలగాడే, ఆడోళ్ల సంగతి ఆయనకేం ఎరుక" అని నవ్వింది కూడా. ఇప్పుడు దాని ముందు బాపు పడుకుని ఉంటాడు, పాపం, దొంగతనం చేసినవాడిలా ముడుచుకుని. నిన్న తలుపు దగ్గరకు వచ్చి, "జర గాలి రానియ్యరాదే దానికి" అని గొణిగాడు, అమ్మ ఒక్క చూపు చూస్తే కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇదే అమ్మ! ఈ ఊళ్లో ఎండను ఎట్లా ఏమార్చాలో అమ్మకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? మాఘం పోగానే నీళ్లకు రంజన్ కుండ కొత్తది కొని, వేపచెట్టు కింద ఇసుక పోసి, దాని నడుముకు తడి గోనె చుట్టేది. పొద్దు వాలగానే స్లాబు మీద బిందెలకు బిందెలు నీళ్లు చల్లేది, ఆ నీళ్లు చుయ్యిమని ఆవిరయ్యేదాకా కొంగు నడుముకు చెక్కుకుని అక్కడే నిలబడేది. ఎండలో బయటికి పోయేవాళ్లకు అంబలి తాగించి, జేబులో ఉల్లిగడ్డ పెట్టనిదే గడప దాటనిచ్చేది కాదు. పచ్చిమామిడి కాల్చి పిసికి, జీలకర్ర కలిపి, గ్లాసు నోటికి ఆనించి పట్టుకుని మరీ తాగించేది. సెలవుల్లో అందరూ కలిసి ప్రాణహితకు పోయేవాళ్లు, నది చిక్కిపోయి అవతలి ఒడ్డుకు ఆనుకుని పారుతుంటే ఇవతల ఇసుకంతా కాలేది, కాళ్లు కాలుతున్నాయని శ్రావణి గంతులు వేస్తుంటే అమ్మ చేత్తో ఇసుక తవ్వి చెలిమ తీసేది. మోచేతి లోతున తడి తగిలేది. అక్కడ చెంప ఆనించి పడుకోమనేది. ఆహా, ఆ చల్లదనం! చెంపలోంచి పళ్లలోకి, పళ్లలోంచి తలలోకి ఎక్కేది. ఇప్పుడు ఒక్క దోసెడు ఆ తడి ఇసుక దొరికితే మొహాన పూసుకునేది, నోట్లో వేసుకున్నా వేసుకునేది. ఇసుక తినేదాకా వచ్చిందా నీ బతుకు అని తనకే నవ్వు వచ్చింది, నవ్వుతో పాటు ఏడుపు. అందరినీ చల్లగా చూసుకున్న ఆ చేతులే తనను ఇట్లా ఎందుకు కాలుస్తున్నాయి? కోపంతో కాదు, అదీ బాధ. కోపంతో అయితే తిరగబడొచ్చు. ప్రేమగా కుంపటి ఊదుతున్న మనిషిని ఏమని తిట్టాలి?

ఘామ్ కా యేతో? ఎక్కడిదీ మాట? ఆ, బడిలో. మహారాష్ట్ర బడి కదా, చెమట ఎందుకు వస్తుంది అని సారు మరాఠీలో అడిగితే తనే లేచి గడగడా చెప్పింది, ఒంట్లో వేడి బయటికి పోవడానికి, చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది అని. చప్పట్లు కొట్టించారు. ఆరాలి కదా మరి! ఆరడానికి గాలి తగలాలి కదా! ఈ గదిలో చెమట పుడుతుంది, కారుతుంది, బొంతలోకి ఇంకుతుంది, ఆరడం అనేదే లేదు. నడుమంతా చెమటకాయలు, గీరితే మంట, గీరకపోతే దురద, పౌడరు చల్లితే తడిపిండిలా ఉండలు కడుతోంది. తనకే ఇట్లా ఉంటే పక్కన వీడికి ఎట్లా ఉందో అనుకుని తల తిప్పి చూసింది. పుట్టి రెండు వారాలైనా నిండని పిల్లాడు, తలకు ఉన్ని టోపీ, ఒంటికి మెత్తటి పాతచీర చుట్లు చుట్లుగా, పైన శాలువా, మొహం మాత్రం అరచేయంత బయటికి కనిపిస్తూ, కళ్లు మూసుకుని. పొద్దున ఎంత ఏడ్చాడు! గుక్క తిప్పుకోకుండా ఏడ్చి ఏడ్చి మానాడు. మానినప్పుడు అమ్మయ్య అనుకుంది తను. ఎంతసేపయింది మాని? పాలకు లేవలేదే. రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి, చెమట గోలలో ఆ సలుపు కూడా పట్టించుకోలేదు.

శాలువా కింద చెయ్యి పెట్టి కింది గుడ్డ తడిమింది. పొడి. ఇంకా లోపలికి తడిమింది. పొడే. తెల్లవారుజామున మార్చిన గుడ్డ అది, మార్చినప్పుడు ఎట్లా మడిచిందో అట్లాగే ఉంది. ఇల్లంతా తడి, మంచమంతా తడి, వీడొక్కడే పొడిగా ఉన్నాడు. దవాఖానలో నర్సు బాయి ఇంటికి పంపేటప్పుడు చెప్పలేదూ? పిలగాడు పాలు తాగుతున్నాడా లేదా అని పరేషాన్ కాకు, గుడ్డలు తడుపుతున్నాడా లేదా అదొక్కటి చూసుకో అని. మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. ఏం చూసుకున్నావే నువ్వు? నీ చెమట నువ్వు తుడుచుకుంటూ, నీ మజ్జిగ కోసం నువ్వు ఏడుస్తూ. నుదురు మీద చెయ్యి వేస్తే చెయ్యి చురుక్కుమంది. టోపీ జరిపి మాడు తడిమింది, అమ్మ రోజూ ఆముదం అద్దే చోటు, నిన్న వేలికి మెత్తగా తగిలింది, ఇవాళ గుంటలా లోపలికి పోయింది. అమ్మా అని కేక వేద్దామనుకుంటే నోట్లో తడి లేక గొంతు రాలేదు.

కేక రాకపోయినా తలుపు తెరుచుకుంది. శ్రావణి తల్లి ముత్తక్క నిప్పుల పళ్లెం పట్టుకుని వచ్చి, కాలు అడ్డం పెట్టి వెంటనే తలుపు మూసేసింది. ఆ ఒక్క క్షణంలో హాల్లోంచి వచ్చిన గాలి శ్రావణి ముంజేతిని తాకి పోయింది. అమ్మ కూడా కారిపోతోంది, జాకెట్టు వీపంతా నల్లగా తడిసి ఉంది, అయినా కుంపటి ముందు కూర్చుని కొత్త బొగ్గులు వేసి ఊదింది.

"అమ్మా, పిలగాడు లేస్తలేడే. ఒళ్లు కాలుతుంది."

"ఏడ్చి ఏడ్చి అలిసి పండుకున్నడు. పండుకోనియ్యి." శాలువా అడుగు నుంచి చెయ్యి దూర్చి పాదాలు పట్టి చూసింది. మొహం మారిపోయింది. "అయ్యో, కాళ్లు చల్లగున్నయి గదనే! చలి వట్టింది నా తండ్రికి. ఉండు, కంబలి తెస్త." తెచ్చింది కూడా, అప్పటికప్పుడే, ట్రంకు పెట్టెలోంచి తీసిన నల్ల గొంగడి, దాన్ని పిల్లాడి మీద నాలుగు వైపులా నొక్కి కప్పి, "ఇగ భయం లేదు, నేనీడనే దర్వాజ కాడ పంట, ఎవరు తెరిచినా ఊకోను" అని చెప్పి, తలుపు దగ్గరగా లాగి, బయట గడపకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. గాజులు నేలకు తగిలిన చప్పుడు వినిపించింది.

కాళ్లు చల్లగున్నయి. శ్రావణి కూడా పట్టి చూసింది. నిజమే, పాదాలు చల్లగానే ఉన్నాయి, అమ్మ అబద్ధం చెప్పలేదు. నుదురు పెనంలా ఉంటే పాదాలు చల్లగా ఎట్లా ఉంటాయి? కాళ్లు చల్లబడ్డయి బిడ్డా, ఎంత కాపినా వేడెక్కలే. ఈ మాట ఇప్పుడు అమ్మ అనలేదే. ఎప్పుడు అంది? ఎప్పుడూ అంటుంది. అన్న గురించి అంటుంది. తనకన్నా ముందు పుట్టి, పేరు కూడా పెట్టకముందే పోయిన అన్న. పెద్దోడు అంటుంది అమ్మ వాణ్ని, అదే పేరు వాడికి. చలి వట్టి పోయిండు నా పెద్దోడు, కాళ్లు చల్లబడ్డయి, కుంపటి పెట్టిన, కంబలి కప్పిన, ఒళ్లె పెట్టుకుని నా ఒంటి వేడి గూడ ఇచ్చిన, ఎంత కాపినా వేడెక్కలే. ముసురు పట్టి ఇంట్లోంచి కదలలేని సాయంత్రాల్లోనే చెప్పేది ఆ కథ, పొయ్యి ముందు మక్కకంకులు కాల్చి ఇస్తూ. బయట చూరు కారుతుంటే విన్నది కనుక శ్రావణి మనసులో అన్న ఎప్పుడూ వానలోనే చచ్చిపోయేవాడు, తడిగోడల ఇంట్లో, ప్రాణహిత పొంగుతున్న రోజున. పాపం చలికి పోయాడు అని తను కూడా ఎన్నిసార్లు అనుకుంది, బడిలో స్నేహితులకు కూడా అట్లాగే చెప్పింది. కథలో బాపు ఉండడు. బాపు అప్పుడు ఇంట్లో లేడు. కబురు పంపితే అడవిలోంచి ఉరికి వచ్చాడు, కల్లంలో ఆరబోసిన తునికాకు కట్టలు ఎక్కడివక్కడ వదిలేసి.

తునికాకు.

తునికాకు వానల్లో ఎక్కడిది? తునికాకు కోసేది ఇప్పుడు కదా. ఈ వారమంతా చీకటితోనే ఆడవాళ్లు గుంపులుగా ఆకుకు పోతూ వాకిలి ముందు మాట్లాడుకోవడం దూది చెవుల్లోంచి కూడా వింటోంది కదా తను. రోహిణి ఎండల్లో పుట్టాడు అన్న. ఇట్లాంటి మధ్యాహ్నమే. బహుశా ఇదే గది, అప్పుడు పెంకులు ఉండేవి, స్లాబు తరవాత వేశారు. ఈ కుంపటే. ఈ గొంగడే కావచ్చు. చలి ఎక్కడిదే అమ్మా? ఎండాకాలంలో నీ పెద్దోడికి చలి ఎక్కడి నుంచి వచ్చింది? ఒంటి మీది చెమట ఒక్కసారిగా ఐసునీళ్లలా తగిలింది శ్రావణికి. ఇన్ని రోజులు చల్లదనం కోసం దేవులాడితే, దొరికింది ఇదా.

గొంగడి లాగి పారేసింది. శాలువా, చీర చుట్లు, ఉన్ని టోపీ, ఎక్కడ ముడి ఉందో ఎక్కడ కొస ఉందో, తడి వేళ్లు జారిపోతూ ఉంటే పళ్లతో పీకింది. లోపల పిల్లాడు ఎర్రగా, ఒదులుగా, చెయ్యెత్తితే చెయ్యి పడిపోతూ. వాణ్ని భుజాన వేసుకుని లేస్తే గది గిర్రున తిరిగింది, గోడ పట్టుకుంది, కుట్లు చురుక్కుమన్నాయి, పోతే పోనీ, తలకు కట్టిన గుడ్డ కళ్ల మీదికి జారితే ఊడబెరికి విసిరేసింది. తలుపు లాగింది. లాగేసరికే అమ్మ లేచి నిలబడి రెండు చేతులూ దర్వాజకు అడ్డం పెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కూలర్ గుర్రు గుర్రుమని నెమ్మదించి ఆగిపోయింది. హాల్లో బాపు పక్క మీద లేచి కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో పిల్లాడి ఊపిరి కోసం చెవి పెట్టి వింటే, ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంది.

"ఏమైందే నీకు, పిస లేసిందా? బట్టల్లేకుంట పిలగాన్ని గాలిలకు తెస్తవా? లోపలికి నడువు!"

"కాలిపోతుండమ్మా వీడు. తప్పుకో."

"కాళ్లు పట్టి చూసినవా? చలి అది, నాకెరుక లేదా? నా పెద్దోన్ని గిట్లనే చూస్కుంట కూసున్న, చేతులారంగ పోగొట్టుకున్న. మల్ల పోగొట్టుకుంటనా? నన్ను చంపి పో."

చంపి పో అంటోంది. చంపాల్సిందే కాబోలు. నాలుక చివర ఉన్న మాట అట్లాంటిదే, ఒక్కసారి అంటే మళ్లీ మింగడానికి ఉండదు. ముప్పై ఏళ్లుగా కన్నతల్లి ఒక చలిని తిట్టుకుంటూ బతికింది, ఆ చలిని ఆమె చేతుల్లోంచి లాక్కుంటే ఇక ఎవరిని తిట్టుకుంటుంది? వద్దు, అనకు, వేరే మాట చెప్పు, నర్సు పేరు చెప్పు, బాపును పిలువు. కానీ బాపు లేచి వచ్చేసరికి, అమ్మ చూపుకు జంకి ఆగేసరికి, వీడి ఊపిరి... భుజం మీద ఆ చిన్న తల బరువు పక్కకు వాలిపోయింది. దేవుడా, క్షమించు.

"అమ్మా, అన్నకు చలి వట్టింది ఏ కాలంల?"

"ఏ కాలమేందే? ఇప్పుడేం మాట గిది? మీ బాపు కల్లంల ఉండె, ఆకు..."

అక్కడ ఆగిపోయింది ముత్తక్క. శ్రావణి మొహం వంక చూసింది, ఆమె వెనక ఎర్రగా ఉన్న కుంపటి వంక చూసింది. దర్వాజ మీది చేతులు వాటంతటవే కిందికి జారిపోయాయి. హాల్లో నిలబడిన బాపు అమ్మ వంక ఒకసారి చూసి, వెంటనే తల దించుకున్నాడు. ఓరి బాపూ, నీకు తెలుసా? ఇన్నాళ్లూ తెలిసి నోరు మూసుకున్నావా, ఆమె బతకాలని?

"ఇటియ్యి" అంది అమ్మ. అరవలేదు, ఏడవలేదు. పిల్లాణ్ని అందుకుని గబగబా వేపచెట్టు కిందికి నడిచి, నేల మీద కూలబడి, కొంగు చించి రంజన్ నీళ్లలో ముంచింది. ముంచి పిండి, నుదురు తుడిచింది, చంకలు తుడిచింది, గజ్జలు తుడిచింది. "ఏం నిలవడ్డవయ్యా, ఆటో తీస్కరాపో, ఉరుకు!" అంటే బాపు చెప్పులు కూడా వేసుకోకుండా ఆ మండే సిమెంటు రోడ్డు మీద పడి పరిగెత్తాడు. శ్రావణి పక్కన కూర్చుని రొమ్ము పిండి పాలచుక్క వాడి పెదవుల మీద వేసింది. చుక్క పక్కకు జారిపోయింది. ఇంకోటి వేసింది. అదీ జారింది. మింగరా. నీకు దండం పెడతా, మింగు. బయట వడగాలి కొలిమి ఊదినట్టు వీస్తోంది, మనుషులు మొహానికి రుమాలు కట్టుకుని తిరిగే గాలి, అదే గాలి తడిసిన ఒంటికి తగిలి శ్రావణికి ఎంత హాయిగా ఉందో! వెన్ను మీద చెమట ఆరుతోంది, చల్లగా, జిల్లుమని. పిల్లాడు ఇట్లా ఉంటే నీకు హాయిగా ఉందా, సిగ్గు లేదా అని ఒంటిని తిట్టుకుంది. ఒళ్లు వినలేదు. మరో చుక్క వేసింది. ఈసారి గొంతు దగ్గర చర్మం చిన్నగా కదిలింది. కదిలిందా, తనే అనుకుందా? ఇంకో చుక్క. కదిలింది. ముఖం చిట్లించి, పిల్లికూన అరిచినట్టు ఒక్కసారి అరిచి మళ్లీ ఊరుకున్నాడు.

"అమ్మా, ఏడ్చిండే!"

అమ్మ వినిపించుకోలేదు. గుడ్డ ముంచుతోంది, తుడుస్తోంది, ముంచుతోంది. ఆటో వచ్చి ఆగినప్పుడు కూడా పిల్లాణ్ని ఇవ్వలేదు, తడిగుడ్డ గొడుగులా పైన పట్టుకుని తనే ఎక్కింది. డ్రైవరు ఎండ కొడుతుందని పక్క పరదా దించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. శ్రావణి ఎక్కి కూర్చుని వేలు కొసతో మరో చుక్క వాడి నోట్లోకి జార్చింది, మింగాడు. బాపు ముందు సీట్లో సగం కూర్చుని, వెనక్కి తిరిగి భార్యనే చూస్తున్నాడు. ఆటో బస్టాండు దాటి దవాఖాన రోడ్డు ఎక్కింది. ముత్తక్క పిల్లాడి కాళ్లు రెండూ తన గుప్పిట్లో పట్టుకుని గాలి వచ్చే వైపుకు తిరిగి కూర్చుంది.

"ఇంకా జోరుగ పోనియ్యి కొడుకా" అంది డ్రైవరుతో. "గాలి తగలాలె. మా పెద్దోనికి గాలి తగలాలె."

పెద్దోడు కాదమ్మా అని శ్రావణి అనలేదు. బాపు కూడా అనలేదు.